మా వంటింటి డబ్బాలు, నాన్న అక్షరాలు

విజయనగరంలో మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు మంచినీళ్ళకని వంటింట్లోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయేవారు. చూడ్డానికి వెండిసామానేం లేదక్కడ. గోడకు రెండు చెక్క అరలు, వాటి మీద పదిహేడు డబ్బాలు. డాల్డా డబ్బాలు, పాలపొడి డబ్బాలు, ఏదో బేకరీలోంచి తెచ్చిన నలుపలకల బిస్కెట్ల డబ్బా ఒకటి. అన్నిటికీ తెల్ల ఎనామిల్ వేసి, మీద ముదురు నీలంతో పేర్లు రాసి ఉండేవి. కందిపప్పు, మినప్పప్పు, రవ్వ, బెల్లం, చోళ్ళు, ధనియాలు. కొట్టు బోర్డుకి రాసినంత శ్రద్ధగా, తలకట్లన్నీ ఒక్క వరసలో.

"ఇది వంటిల్లా, కిరాణా కొట్టా?" అని ఎదురింటావిడ అమ్మను ఆటపట్టించేది. అమ్మ నవ్వి ఊరుకునేది. అసలు సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి అమ్మకు చదవడం రాదు.

అమ్మది గజపతినగరం దగ్గర పల్లె. ఐదుగురు పిల్లల్లో పెద్దది. తమ్ముళ్ళు బడికి వెళ్తే ఈవిడ పశువుల వెనక వెళ్ళింది. నాన్నేమో అక్షరాలు రాసి బతికే మనిషి. పెళ్ళయిన కొత్తలో నాన్న పలకా బలపం తెచ్చి కూర్చోబెడితే అమ్మకు సిగ్గు ముంచుకొచ్చిందట. "పెళ్ళయ్యాక ఓనమాలేటి" అని పలక తీసుకెళ్ళి బియ్యం బస్తా కింద దాచేసింది. నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వారం తరవాత డబ్బాలు తెచ్చి రంగులు వేయడం మొదలుపెట్టారు.

మొదట ప్రతి పేరు పక్కన బొమ్మ ఉండేదట. కందిగింజ, బెల్లం దిమ్మ, మిరపకాయ. అమ్మ బొమ్మ చూసి డబ్బా తీసేది. రెండేళ్ళకు రంగు మాసిందని మళ్ళీ వేసినప్పుడు రవ్వ డబ్బాకు మాత్రం బొమ్మ వేయలేదు. అమ్మ ఉప్మాకని చెయ్యి చాపి, ఒక్క క్షణం చూసి, సరైన డబ్బానే తీసింది. నాన్న గుమ్మంలో నిలబడి చూశారట. ఏమీ అనలేదు. మర్నాడు ఇంకో రెండు డబ్బాల మీద బొమ్మలు మాయమయ్యాయి. నాకు ఊహ తెలిసేసరికి ఒక్క డబ్బాకీ బొమ్మ లేదు.

ధనియాల డబ్బా దగ్గర ఇద్దరికీ ఓ సరదా గొడవ ఉండేది. ద కింద ఆ చిన్న గీత ఎందుకని అమ్మ అడిగిందట. "గీత లేకపోతే అవి దనియాలు. దనియాలకి వాసనుండదు" అన్నారు నాన్న. మా అమ్మ చాలాకాలం అది నిజమేననుకుంది.

నాన్న బోర్డు పెయింటర్. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల కూడలికి వెళ్ళే దారిలో ఓ సందు మొగలో రేకుల షెడ్డు. ఇళ్ళకు సున్నం వేసేవాళ్ళనూ పెయింటర్లనే అంటారు కనక మా మామ్మకు ఆ మాట గిట్టేది కాదు. ఎవరైనా "పెయింటర్ గారింట్లో లేరా?" అంటే, "మా వోడు ఆర్టిస్టు" అని దిద్ది మరీ జవాబు చెప్పేది.

షెడ్డులో నాకు ఉద్యోగం ఉండేది. దారం పట్టుకోవడం. రేకుకు రెడాక్సైడ్ పూసి, ఆరాక దాని మీద తెలుపో పసుపో వేసి, అది బాగా ఆరాక సుద్దపొడి రాసిన దారం ఈ చివర నాన్న, ఆ చివర నేను బిగించి పట్టేవాళ్ళం. "ఒలే గుంటా, లాగీ పట్టు" అనేవారు. మధ్యలో రెండువేళ్ళతో దారం ఎత్తి వదిలితే టక్ అని కొట్టుకుని, బోర్డు మీద వెంట్రుకంత గీత పడేది. ఇంగ్లీషు బోర్డుకు రెండు గీతలు చాలు. తెలుగుకు నాలుగు కావాలి. పైన తలకట్టుకి, గుడికి ఒకటి, అక్షరం పొట్టకు రెండు, కింద ఒత్తుకి ఒకటి. ఆ లెక్క తెలియని కుర్రాళ్ళు రాస్తే కింది ఒత్తు వచ్చి కింది వరసలోని గుడిలో ఇరుక్కునేది. ఇప్పటికీ ఎక్కడైనా అలాంటి బోర్డు కనబడితే నా పక్కన ఎవరున్నా సరే చూపించేదాకా ఊరుకోలేను. మా ఆయన విసుక్కుంటారు.

గుండ్రాలు గీసేటప్పుడు నాన్న ఊపిరి బిగబట్టేవారు. ఉడుత వెంట్రుకల బ్రష్షు, చిటికెన వేలు బోర్డుకు ఆనించి, ఠ గాని ద గాని ఒక్క లాగులో తిప్పేవారు. మధ్యలో ఆగితే అతుకు కనిపిస్తుందట. అందుకే ఆయన గుండ్రం గీస్తున్నంతసేపు మేమూ ఊపిరి తీసుకునేవాళ్ళం కాదు. వానాకాలంలో ఎనామిల్ ఆరదు. దీపం దగ్గర రాస్తే దోమలూ పురుగులూ వచ్చి తడి రంగుకి అంటుకునేవి. వాటిని బ్రష్షు కొనతో ఒక్కొక్కటే తీసి, ఆ చోట మళ్ళీ దిద్దుకుంటూ కూర్చునేవారు. నాన్న చేతులకు ఎప్పుడూ టర్పెంటైన్ వాసన. కిరసనాయిలుతో కడిగి, తరవాత సున్నిపిండితో కడిగి, అప్పుడు గాని అన్నం దగ్గర కూర్చునేవారు కాదు. అయినా ఆ వాసన పోయేది కాదు. నాకైతే ఈరోజుకీ పెయింటు కొట్టు ముందు నుంచి వెళ్తే ఆకలేస్తుంది.

కూలి అక్షరానికి ఇంత అని. ఓసారి ఒక కాంట్రాక్టరు వచ్చి ఒత్తు అక్షరం కాదని పేచీ పెట్టాడు. "ఒత్తుకి డబ్బులేటి బావూ, అది దాని కింద వేలాడుతుంది గదా" అన్నాడు. సరే, ఒత్తులు మానేస్తాను అని నాన్న సుద్దముక్కతో బోర్డు మీద కాంటాకర్ అని రాసి చూపించారు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. చివరికి ఒత్తుకి సగం రేటని ఒప్పందం కుదిరింది. ఆ తరవాత మా షెడ్డులో అదే రూలు.

ఇంత పనితనం ఉన్న మనిషి విజయనగరంలోనే ఎందుకు ఉండిపోయారని నేను చాలాసార్లు అడిగాను. కాలేజీ రోజుల్లో అయితే కోపంగానే అడిగాను. 1973లో నాన్నకు మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. అప్పట్లో మౌంట్ రోడ్డులో తాటిచెట్టంత సినిమా హోర్డింగులు చేత్తో వేసేవారు. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు వంద రెట్లు పెద్దగా హోర్డింగు మీద గీసి, ఒక్కో గడిలో ఉన్నది అలాగే దించడం. నాన్నకు అది కొట్టినపిండి. తెలిసినవాళ్ళెవరో అక్కడ ఓ బ్యానర్ల కంపెనీలో మాట్లాడిపెట్టారు. మెయిలెక్కి వెళ్ళారు. సరిగ్గా పంతొమ్మిదో రోజున తిరిగొచ్చారు, భుజాన ఓ బియ్యం మూట, చేతిలో బెల్లం దిమ్మతో.

"అక్కడ సాంబారు పడలేదమ్మా" అని నాకు చెప్పేవారు. ఇంకోసారి అడిగితే ఉక్కపోత అనేవారు. అమ్మ చెప్పాకే నాకు అసలు సంగతి తెలిసింది.

నాన్న వెళ్ళాక అమ్మకు ఉత్తరం రాయాలనిపించింది. పక్కింటి మాష్టారి చేత రాయించుకోవచ్చు, కానీ మొగుడికి రాసే ఉత్తరం పరాయి మనిషికి ఎలా చెప్తాం? అందుకని ఇన్‌లాండ్ లెటర్ ఒకటి కొని, వంటింట్లో కూర్చుని, తనకు వచ్చిన మాటలే రాసింది. రవ్వ. బియ్యం. బెల్లం. కందిపప్పు. డబ్బాల మీద ఎలా ఉన్నాయో అలాగే, నాన్న తలకట్లతో సహా దించింది. కింద మా ఇద్దరాడపిల్లల చేతులూ పసుపులో ముంచి అద్దింది. మడిచి, పైన అడ్రసు మాత్రం మాష్టారి చేత రాయించి పోస్టులో వేసింది.

మద్రాసులో అది చదివి నాన్న కంగారుపడిపోయారట. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, పప్పు నిండుకుంది, పిల్లలు పస్తున్నారు అనుకున్నారు. అడ్వాన్సు డబ్బుతో బియ్యం, బెల్లం కొనుక్కుని రైలెక్కేశారు. ఇంటికొచ్చి చూస్తే డబ్బాలన్నీ నిండుగానే ఉన్నాయి. "మరి ఇలాగెందుకు రాశావే?" అంటే అమ్మ, "నాకు అవేగా వచ్చు" అందట.

మళ్ళీ వెళ్ళండని అమ్మే చెప్పింది. మామ్మా చెప్పింది. నాన్న వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే ఏమయ్యేదో, పెద్ద పేరొచ్చేదో, సినిమా బ్యానర్లు వేసిన చాలామందిలాగే చివరికి చేతులు ముడుచుకుని కూర్చునేవారో చెప్పలేం. ఆయన వెళ్ళకపోవడం నష్టమేనని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. సగం ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఇన్‌లాండ్ లెటర్ మాత్రం నాన్న ట్రంకు పెట్టెలో, ఇంటి దస్తావేజుల కవరులోనే ఉండేది.

తమ్ముడు పుట్టినప్పుడు అమ్మ నెలరోజులు పుట్టింట్లో ఉంది. బడి ఉందని నన్నూ చెల్లినీ విజయనగరంలోనే ఉంచేశారు. మామ్మకు కళ్ళు ఆనవు. మాకు జడలు వేసే పని నాన్న మీద పడింది. కూర్చోబెట్టి, దువ్వెన కొనతో నుదుటి మధ్య నుంచి వెనక మెడ దాకా పాపిట తీస్తే అది దారం కొట్టినట్టే ఉండేది. ఒకసారి నిజంగానే సుద్దదారం తెచ్చి నెత్తి మీద పట్టారు గాని మామ్మ చీవాట్లు పెట్టింది. బడిలో టీచరమ్మ నా తల చూసి, "మీ అమ్మ ఎంత బాగా తీసిందే పాపిట" అంది. మా నాన్న తీశారని చెప్పడానికి ఎందుకో మొహమాటపడ్డాను. ఆ మాట ఇంటికొచ్చి ఆయనకు చెప్పలేదు కూడా. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది.

ధనుర్మాసంలో అమ్మ వాకిట్లో ముగ్గు పెడుతుంటే నాన్న అరుగు మీద కూర్చుని చూసేవారు. గీత వంకరపోయినా, చుక్క తప్పినా నోరెత్తేవారు కాదు. ఎవరి బోర్డు చూసినా తప్పులు పట్టే మనిషి ముగ్గు దగ్గర మాత్రం, "అది మీ అమ్మ బోర్డు, మనం చెయ్యి పెట్టకూడదు" అనేవారు.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. అంతవరకూ మా ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. ఇటు కొంత, అటు కొంత కలిపి కొత్త జిల్లా చేశారు. ఊళ్ళో అందరికీ అదో గొప్ప అయితే మా ఇంట్లో అదో పెద్ద పండగ. ఎందుకంటే బోర్డులన్నీ మార్చాలి. ప్రతి ఆఫీసు ముందూ పాత జిల్లా పేరే ఉంది. ఊళ్ళో బోర్డు పెయింటర్లందరికీ చేతినిండా పని. షెడ్డు చాలక నాన్న రేకులు ఇంటికి తెచ్చి వరండాలో ఆరబెట్టేవారు. మేం వాటి మధ్యలోంచి పక్కవాటుగా నడిచి వెళ్ళేవాళ్ళం. చెల్లి గౌనుకి అంటిన నీలం రంగు మరక ఆ గౌను చిరిగేదాకా పోలేదు.

ఓ రాత్రి నాన్న వరసగా ఆరో ఏడో బోర్డు పూర్తి చేసి, నడుం పట్టేసిందని స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. అమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసు ఇచ్చి వెళ్ళబోతూ ఆగింది. బోర్డు వైపు చూసింది. పెదాలు కదుపుతూ చదువుకుంది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. తరవాత మెల్లగా, తనే ఏదో తప్పు చేసినట్టు అడిగింది.

"ఏటండీ, రవ్వలో ర ఏదీ దీన్లో?"

నాన్న తల తిప్పి చూశారు. విజయనగం జిల్లా అని ఉంది. అడుగున్నర అక్షరాలు. ఒక్కో అక్షరం నిగనిగలాడిపోతోంది. ర మాత్రం లేదు.

నాకు పదకొండేళ్ళు. నాన్న తిడతారేమోనని భయపడ్డాను, ఎవరినో తెలియదు గాని. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, చాలాసేపు నవ్వారు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అవి నవ్వుతో వచ్చిన నీళ్ళేనని అప్పుడు అనుకున్నాను. "ఊరి పేరే తప్పు రాసీసినాను. నువ్వు చూడకపోతే తెల్లారి జిల్లా అంతా చూసును" అన్నారు. తడి మీదే ఉంది కనక కిరసనాయిలు గుడ్డతో చివరి అక్షరాలు తుడిచి, జరిపి, ర ఇరికించి మళ్ళీ రాసేసరికి కోడి కూసింది. అమ్మ దీపం పట్టుకుని పక్కనే ఉంది.

అప్పట్నుంచి ఏ బోర్డయినా అమ్మ చదివాకే గడప దాటేది. అమ్మ గబగబా చదవలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది. ప్రూఫులు చూడ్డానికి అలాంటి మనిషే కావాలని పత్రికాఫీసులో పనిచేసిన మా బాబాయి అనేవాడు. గబగబా చదివేవాడికి లేని అక్షరం కూడా కనబడుతుందట.

సినిమా హాళ్ళలో వేసే స్లైడ్లు కూడా నాన్న రాసేవారు. అరచేతిలో పట్టే గాజు పలక మీద చీమ తలకాయంత అక్షరాలు. ఓ బట్టలకొట్టు స్లైడు రాసి, అది తెర మీద ఎలా వచ్చిందో చూపిస్తానని మామ్మతో సహా అందర్నీ తీసుకెళ్ళారు. ఇంటర్వెల్‌లో అది కనిపించింది ఐదు సెకన్లు. మామ్మ ఆ టైములో వేరుశనక్కాయలు కొనుక్కుంటోంది. స్లైడుకి వచ్చిన కూలి కన్నా టికెట్లకే ఎక్కువ అయిందని అమ్మ పదేళ్ళపాటు దెప్పింది.

బొమ్మలు వేసే పని తక్కువగా వచ్చేది, వస్తే మాత్రం నాన్న మనిషి మారిపోయేవారు. ఓ సంవత్సరం త్యాగరాజ ఆరాధనోత్సవాలకు వేదిక వెనక కట్టడానికి గుడ్డ మీద వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి బొమ్మ వేయమన్నారు. ఫోటోలో ముఖం బాగానే ఉంది గాని కమాను పట్టుకున్న వేళ్ళు మసకబారి ఉన్నాయి. అందాజుగా వేసేయొచ్చు. అంత దూరం నుంచి ఎవరు చూస్తారు? నాన్న రోజూ సాయంత్రం సైకిలేసుకుని సంగీత కళాశాలకు వెళ్ళి, వయొలిన్ నేర్చుకునే పిల్లల వేళ్ళు చూస్తూ నాలుగు రోజులు వరండాలో నిలబడ్డారు. నన్ను కూడా తీసుకెళ్ళారు ఓ రోజు. 1919లో ఆ కాలేజీ పెట్టినప్పుడు ద్వారం వారు చేరదామని విద్యార్థిగా వచ్చారని, ఆయన వాయించింది విని ఏకంగా గురువుగానే తీసేసుకున్నారని, అప్పటికి ఆయన వయసు ఇరవయ్యారేనని దారి పొడుగునా చెప్పారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్ళకు గజ్జెలు కట్టి హరికథ చెప్తుంటే ఎలా ఉండేదో, తను చూడకపోయినా చూసినట్టు చెప్పారు. సభ రోజున అందరూ పాట వింటున్నారు. నాన్న మాత్రం బొమ్మలో చిటికెన వేలు చూస్తూ కూర్చున్నారు. ఇంకాస్త వంచాల్సిందట.

ఎలక్షన్ల గురించి ఎక్కువ చెప్పను. 1983 జనవరి ఎన్నికలకు ముందు ఊళ్ళో పసుపు రంగుకి కరువొచ్చింది. నాన్న పొద్దున్న సైకిలు గుర్తు, సాయంత్రం చెయ్యి గుర్తు వేసేవారు. గోడ దొరికితే ముందు ఈ గోడ రిజర్వు అని రాసుకుని వచ్చేవారు. ఓటెవరికి వేశారో అమ్మకు కూడా చెప్పలేదు. డబ్బు మాత్రం రెండు పార్టీల దగ్గరా కొంత బాకీ ఉండిపోయింది. ఎన్నికల కమిషనర్ శేషన్ గారి టైములో గోడల మీద రాతలకు అడ్డుకట్ట పడ్డాక ఆ గొడవే లేకుండా పోయింది.

నా పెళ్ళయ్యాక నేను శ్రీకాకుళం వచ్చేశాను. ఇక్కడే టీచరుగా చేస్తున్నాను. నాన్న వచ్చినప్పుడల్లా అరసవల్లి వెళ్ళేవాళ్ళం, ఓసారి శ్రీకూర్మం తీసుకెళ్ళాను. దర్శనం అయ్యాక ఆయన ప్రదక్షిణ మండపంలో గోడల మీది పాత బొమ్మల దగ్గర నిలబడిపోయారు. రంగులు కొన్నిచోట్ల వెలిసిపోయాయి, కొన్నిచోట్ల గోడ పెచ్చులూడింది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా వెళ్ళి చూస్తున్నారు. "చూడమ్మా, ఈ గీత లాగినోడు మధ్యలో ఆగలేదు" అన్నారు. పిల్లలు ఆకలని గోల పెడుతున్నా కదలలేదు.

ఎవరు వేశారో ఎక్కడా పేరు లేదని నేనన్నాను. నీ బోర్డుల మీద కూడా ఎప్పుడూ పేరు రాసుకోలేదు కదా నాన్నా అని కూడా అన్నాను. ఊళ్ళో మిగతా పెయింటర్లంతా కింద మూలన ఫలానా ఆర్ట్స్ అని రాసుకునేవారు.

"ఎందుకు రాయలేదు? చుక్కలు పెడతాను కదా" అన్నారు.

ఏ చుక్కలంటే, బోర్డు కుడిచేతి వైపు కింది మూలలో. నువ్వు పుట్టాక ఒకటి, చెల్లాయి పుట్టాక రెండు, తమ్ముడు పుట్టాక మూడు. అంతకుముందు ఏమీ పెట్టేవాణ్ణి కాదన్నారు. ఏళ్ళ తరబడి ఆ దారం చివర పట్టుకున్నదాన్ని నేను. ఆ చుక్కలు బ్రష్షు తుడిచిన మరకలనుకున్నాను.

ఊరెళ్ళినప్పుడు గంటస్తంభం చుట్టుపక్కల అంతా తిరిగి చూశాను. ఒక మందుల షాపుకి మూడు చుక్కలు. ఒక లాడ్జికి మూడు. ఒక్క చుక్క ఉన్న బోర్డు ఎక్కడా మిగల్లేదు.

ఫ్లెక్సీలు వచ్చాక ఏమైందో అందరికీ తెలిసిందే. నాన్న దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళలో ఒకడు ఆటో కొన్నాడు, ఒకడు గల్ఫ్ వెళ్ళాడు. మా తమ్ముడే కంప్యూటరు నేర్చుకుని ఫ్లెక్సీ డిజైనింగులో చేరాడు. వాడు చెప్పడానికి నెలరోజులు భయపడ్డాడు. నాన్న ఏమీ అనుకోలేదు. వాడి భోజనం క్యారేజీ పట్టుకుని వెళ్ళి, వెనక స్టూలు మీద కూర్చుని తెర చూసేవారు. "ఒరే, ఆ ఒత్తు కింది లైనుకి తగులుతున్నాది, దూరం పెట్టు" అనేవారు. వాడు లైన్ల మధ్య దూరం పెంచేవాడు. "ఇప్పుడు ఊపిరి ఆడుతున్నాది దానికి" అనేవారు.

2014లో హుద్‌హుద్ తుఫాను. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం అయిన వారంలోనే, అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలికి ఊళ్ళో ఫ్లెక్సీ అన్నది మిగల్లేదు. చెట్లు, స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. రెండో రోజో మూడో రోజో ఓ బట్టలకొట్టాయన మా ఇంటికి మనిషిని పంపాడు. వాళ్ళ ఫ్లెక్సీ చిరిగి ఎగిరిపోతే, దాని వెనక పాత రేకు బోర్డు బయటపడిందట, మీ పనేనేమో చూడండి అని. నాన్నకు డెబ్బై దాటాయి అప్పటికి. తమ్ముడు బండి మీద తీసుకెళ్ళాడు. బోర్డు ఎక్కడా చెక్కు చెదరలేదు. గుడ్డతో మూల తుడిస్తే రెండు చుక్కలు. అంటే తమ్ముడు పుట్టకముందుది, నలభై ఏళ్ళ కిందటిది.

అందరూ ఆహా ఓహో అంటుంటే నాన్న వెనక్కి జరిగి, కళ్ళజోడు సర్దుకుని చూసి, "మూడో అక్షరం లావయింది" అన్నారట. కొట్టాయన దాన్నే ఉంచుకుంటానన్నాడు. కరెంటు వచ్చేదాకా ఫ్లెక్సీలు ప్రింటు కావు కదా, ఆ పది రోజులూ నాన్నకు మళ్ళీ పిలుపులు. వైద్య శిబిరం, బియ్యం పంపిణీ ఇక్కడ, మంచినీళ్ళు ఇక్కడ అని గుడ్డ బ్యానర్లు. అమ్మ వరండాలో కూర్చుని ఒక్కోటీ చదివి పంపింది. డబ్బు తీసుకోలేదు ఎవరి దగ్గరా.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా అయింది. తమ్ముడు చేసే చోటికి కూడా బోర్డుల పని వచ్చింది. నాన్న ఆ రాత్రి వాడి పక్కన కూర్చున్నారట. 1979లో మేం మూడు నెలలు రాసింది మీరు తెల్లారేసరికి చేసీసారు అని నవ్వారట. వెళ్ళబోతూ మళ్ళీ వెనక్కొచ్చి, "పార్వతీపురంలో ర ఉందో లేదో చూసుకో" అన్నారట.

ఆ ఏడు కార్తీకంలో, ఓ మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి లేవలేదు. ఆ రోజు గురించి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

పెద్దకర్మ రోజున ఇంటి ముందు ఫ్లెక్సీ పెట్టించారు. తమ్ముడు చేసే స్థితిలో లేడు, వాడి స్నేహితులెవరో వేరేచోట చేయించి తెచ్చి కట్టారు. నాన్న ఫోటో, పక్కన దీపం బొమ్మ, పైన పెద్ద ఎర్ర అక్షరాలు. వచ్చినవాళ్ళంతా దాని ముందు దండం పెట్టుకుని లోపలికొస్తున్నారు. నేనూ పొద్దున్నుంచి పదిసార్లు చూసి ఉంటాను.

అమ్మను బయటికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. చాలాసేపు ఫోటో వైపే చూసింది. తరవాత తల పైకెత్తింది. పెదాలు కదుపుతోంది. ఏడుస్తోందేమోనని దగ్గరకెళ్ళాను. చదువుతోంది. చదివి, మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ధనియాల డబ్బా మీద గీత ఉంటాది కదే. దీనికేదీ?" అంది.

చూశాను. శ్రద్దాంజలి అని ఉంది. కింద ఒత్తుకి గీత లేదు.

తమ్ముడు ఎవరితోనూ ఏమీ అనకుండా లోపలికెళ్ళి, అటక మీంచి నాన్న పెట్టె దించాడు. నల్ల ఎనామిల్ డబ్బా మూత బిగుసుకుపోయింది, స్క్రూడ్రైవరుతో లేపాం. పైన మీగడలా కట్టిన పొర తీస్తే అడుగున కొంచెం రంగు ఉంది. ఉడుత వెంట్రుకల బ్రష్షు టర్పెంటైన్‌లో నానబెట్టి తుడిచాను. "నువ్వు వెయ్యి అప్పా, నా చెయ్యి వణుకుతున్నాది" అన్నాడు వాడు. స్టూలెక్కాను. వాడు కింద పట్టుకున్నాడు. చిటికెన వేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, గీత పెట్టాను. ఎర్ర అక్షరానికి నల్ల గీత.

దిగి అమ్మ వైపు చూశాను. కళ్ళు చిట్లించుకుని చూసింది.

"కొంచెం కిందికి జారింది. మీ నాన్నుంటే చెరిపించీద్దురు" అంది.